అలైన్‌మెంట్ చేయించినా మారుతి 800 అటూ ఇటూ పోతుంటే

మీ పాత మారుతి 800 వేగం 60 దాటగానే అటూ ఇటూ పోతోందని, అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించినా ఫలితం లేదని రాశారు. అరిగిన భాగాలు అలాగే ఉండగా అలైన్‌మెంట్ నిలవదండీ, ఆ ఖర్చు దండగ.

ముందు టైర్లలో గాలి చూడండి. తర్వాత చక్రాలు నేల మీదే ఉంచి, ఒకరిని స్టీరింగు కొద్దిగా అటూ ఇటూ తిప్పమని చెప్పి, మీరు కింద గమనించండి. లూజు టై రాడ్ (స్టీరింగు కదలికను చక్రానికి అందించే కడ్డీ) చివర ఉందో, ర్యాకులో (స్టీరింగు తిప్పితే పక్కలకు జరిగే పళ్ల కడ్డీలో) ఉందో కంటికే తెలుస్తుంది. ముందు చక్రాన్ని జాకీతో లేపి, స్టాండు పెట్టి, పైనా కిందా పట్టుకుని ఊపండి. కదిలితే బేరింగు లేదా బాల్ జాయింటు (చక్రం అటూ ఇటూ తిరగడానికి వీలిచ్చే గుండ్రటి కీలు) పోయినట్టే.

నా అనుమానం మాత్రం స్టెబిలైజర్ బార్ (ముందు రెండు చక్రాల వైపులనూ కలిపే ఉక్కు కడ్డీ) బుష్‌ల మీద, అంటే దాని రబ్బరు తొడుగుల మీద. ఈ కారులో ఆ బార్ మలుపుల్లో ఒరుగును తగ్గించడంతో సరిపెట్టుకోదు, చక్రాన్ని కింద బండికి కలిపే ఆర్మ్ ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టి ఉంచేదీ అదే. రబ్బరు అరిగితే చక్రం తన దారి తనే చూసుకుంటుంది. బ్రేకు వేయగానే ‘టక్’మని వినిపించి బండి పక్కకు లాగుతుంటే మొదట వీటినే చూడండి. ఖరీదైనవేమీ కావు, రెండు వైపులా మార్పించండి.

ర్యాకు బిగిస్తే చాలని మెకానిక్ అంటే వెంటనే ఒప్పుకోకండి. మరీ బిగిస్తే మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను వెనక్కి రాదు. అలైన్‌మెంట్ ఇవన్నీ అయ్యాకే.