సైకిల్ సందేహాలు: అనంతగిరి ఘాట్ ఎక్కాలంటే

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కొండల గురించే. చలికాలం దగ్గరపడుతోంది, అరకు దారి అందరికీ గుర్తొస్తోంది. నేను విజయనగరంలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను, ఆదివారాలు ఎస్.కోట (శృంగవరపుకోట) వైపు సైకిల్ తొక్కుతాను. అందుకే జవాబుల్లో లెక్కలు కాస్త ఎక్కువ ఉంటాయి. ఓపిగ్గా చదవండి, ఆ లెక్కలే కొండ మీద మీకు పనికొస్తాయి.

నాకు 38 ఏళ్లు, బ్యాంకు ఉద్యోగం. రోడ్ సైకిల్ కొని ఏడాదైంది. ముందు 50–34, వెనక 11–25 పళ్లు. భీమిలి వెళ్లి రావడం నాకు కష్టమేమీ కాదు. కానీ సింహాచలం ఘాట్‌లో సగం దూరంలోనే దిగి నడిపించుకుంటూ వెళ్లాల్సి వచ్చింది. డిసెంబరులో అనంతగిరి మీదుగా అరకు వెళ్లాలని ఆశ. నా కాళ్లలో బలం చాలదా?
– ఒక పాఠకుడు, విజయనగరం

భీమిలి వెళ్లి వచ్చే కాళ్లు చాలు. చాలనిది మీ వెనక చక్రం దగ్గరున్న 25 పళ్లు.

లెక్క చూడండి. మీ చిన్న గేరులో పెడల్ దగ్గరి పళ్ల చక్రానికి 34 పళ్లు, వెనకదానికి 25. చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు కాబట్టి, పెడల్ ఒక్కసారి తిప్పితే సైకిల్ దాదాపు 2.85 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 సార్లు తిప్పితే గంటకు 10 కిలోమీటర్ల పైన వేగం. మనిషి, సైకిల్, నీళ్లు కలిపి 80 కిలోలనుకుందాం. వంద మీటర్లకు 8 మీటర్లు లేచే రోడ్డు మీద ఆ వేగంతో వెళ్లాలంటే 190 వాట్లకు పైగా కావాలి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కుర్చీలో కూర్చునే మనిషి గంటసేపు అంత ఇవ్వలేడు. ఇక చేసేది పెడల్ నెమ్మదిగా తిప్పడం. నిమిషానికి 40కి పడిపోతారు, ప్రతి తిప్పుకీ మోకాళ్ల మీద భారం వేస్తారు, చివరికి దిగిపోతారు. సింహాచలంలో మీకు జరిగింది ఇదే.

వెనక 34 పళ్లు ఉంటే అదే 60 తిప్పులకు గంటకు ఏడున్నర కిలోమీటర్లు. కావలసింది 140 వాట్ల చిల్లర. భీమిలి దాకా తొక్కే మీకు అది అందుబాటులోనే ఉంది. కాబట్టి ముందు క్యాసెట్, అంటే వెనకున్న పళ్ల చక్రాల సెట్టు, మార్పించండి. కొన్ని సైకిళ్లకు వెనక డీరైలర్ (చైన్‌ని ఒక పళ్ల చక్రం నుంచి మరోదాని మీదికి జరిపేది) 28 పళ్లకు మించి తీసుకోదు, అప్పుడు పొడుగు కేజ్ (చైన్‌ని బిగువుగా పట్టే కింది చెయ్యి) ఉన్నది వేయించాలి. చైన్ కూడా కొత్తది, కాస్త పొడుగుది కావాలి. మెకానిక్‌తో ముందే మాట్లాడుకోండి, సగం పని అయ్యాక తెలిస్తే ఆదివారం పోతుంది.

రెండో సంగతి ఊపిరి. ఘాట్ మొదలవగానే అందరికీ ఊపు వస్తుంది. ఆ ఊపుని అక్కడే ఆపాలి. పక్కనున్న మనిషితో ఓ పూర్తి వాక్యం మాట్లాడగలిగితే మీ వేగం సరైనది. మాట మధ్యలో తెగుతోందంటే గేరు తగ్గించండి. గేరు అయిపోతే వేగం తగ్గించండి. మిమ్మల్ని ఎవరు దాటిపోయినా పోనివ్వండి.

దారి సంగతి. మొదటిసారి విజయనగరం నుంచి తొక్కుకుంటూ వెళ్లొద్దు. ఎస్.కోట దాకా ఏదైనా బండిలో సైకిల్ వేసుకెళ్లండి, అక్కడ తెల్లారేసరికి ఇడ్లీ దొరుకుతుంది. బొడ్డవర దాటాక మైదానం అయిపోతుంది. అక్కడి నుంచి త్యాడ, డముకు, అనంతగిరి, గాలికొండ. చాలామంది అరకు చేరేదాకా ఎక్కుతూనే ఉండాలనుకుంటారు. అరకు లోయ ఎత్తు సుమారు 900 మీటర్లే. ఈ రోడ్డు దానికంటే బాగా పైకి, గాలికొండ దాకా ఎక్కి, ఆ తర్వాత సుంకరిమెట్ట కాఫీ తోటల మధ్య నుంచి దిగుతుంది. పక్కన సాగే రైలు మార్గంలో కూడా అంతే, అరకు కంటే ముందొచ్చే సిమిలిగూడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తున ఉంది. అనంతగిరిలో కాళ్లు లాగేస్తున్నప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి, కష్టమైన భాగం గాలికొండతో అయిపోతుంది.

హెయిర్‌పిన్ మలుపుల దగ్గర ఒక కిటుకు. మలుపు లోపలి అంచున రోడ్డు నిటారుగా ఉంటుంది, బయటి అంచున వాలు తగ్గుతుంది. మనం ఎడమ వైపు వెళ్తాం కాబట్టి ఎడమకు తిరిగే ప్రతి మలుపూ మనకు నిటారు మలుపే. దానికి పది మీటర్ల ముందే గేరు తగ్గించుకోండి. బరువంతా పెడల్ మీద వేశాక గేరు మారిస్తే చైన్ కరకరమంటుంది, ఒక్కోసారి ఊడిపోతుంది. కుడి మలుపుల్లో బయటి అంచు మనదే, అక్కడ కాస్త ఊపిరి పీల్చుకోండి. నిటారుగా ఉందని ఎడమ మలుపులో మాత్రం కుడికి వెళ్లొద్దు. పైనుంచి దిగే బస్సుకి ఆ మలుపు తిరగడానికి రోడ్డంతా కావాలి.

తిండి: గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండి పదార్థం, అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు. రెండు అరటిపళ్లు, లేదా ఒక పండూ ఒక పల్లీ పట్టీ సరిపోతాయి. ఆకలేసే ముందే తినాలి. నేను బయల్దేరే ముందు ఉప్పేసిన చోడి (రాగి) అంబలి తాగుతాను, కడుపు బరువుగా ఉండదు. అరటిపళ్లు చొక్కా వెనక జేబులో బయటికి కనబడకుండా పెట్టుకోండి. ఘాట్‌లో కోతులు ఎక్కువ, నెమ్మదిగా వెళ్లే సైకిల్ వాటికి బాగా తెలుసు.

ఇంకా సమయం ఉంది కాబట్టి కాళ్లకు అలవాటు చేయండి. ఒక వారం గంట్యాడ మీదుగా తాటిపూడి రిజర్వాయర్. ఆ రోడ్డు చిన్న చిన్న ఎత్తుపల్లాలతో చాలా బాగుంటుంది, గోస్తని నీళ్ల వెనక కొండల వరస కనబడుతుంది. మరో వారం కొత్త గేరుతో మళ్లీ సింహాచలం. అది దిగకుండా ఎక్కగలిగాక అనంతగిరి పెట్టుకోండి. వలిసె పూలు పూసే రోజుల్లో శని, ఆదివారాలు ఆ రోడ్డంతా కార్లే. వీలైతే సెలవు పెట్టి మామూలు రోజున వెళ్లండి. ఆ రాత్రి అరకులోనే ఉండండి, అలసిన కాళ్లతో, అలసిన చేతులతో అదే రోజు ఘాట్ దిగడం మంచిది కాదు.

నాకు 46 ఏళ్లు. డాక్టరు నడవమంటే నాకు సైకిల్ ఇష్టమని హైబ్రిడ్ సైకిల్ కొన్నాం. రోజూ పొద్దున్నే తొక్కుతున్నా. ఊరి బయట చిన్న ఎత్తు ఎక్కేటప్పుడు మోకాలి చిప్ప ముందు భాగంలో నొప్పి. ఇంట్లో వాళ్లు "ఈ వయసులో ఎందుకు, మానెయ్" అంటున్నారు.
– ఒక గృహిణి, రాజాం

మానకండమ్మా. ముందు సీటు చూడండి.

షాపులో సైకిల్ ఇచ్చేటప్పుడు, కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనేలా సీటు దింపి ఇస్తారు. ధైర్యంగా ఉంటుందని అలా చేస్తారు. కానీ అంత కిందికి ఉంటే పెడల్ తిరిగినంతసేపూ మోకాలు బాగా మడిచే ఉంటుంది, నొక్కినప్పుడల్లా చిప్ప మీద ఒత్తిడి పడుతుంది. ముందు భాగంలో నొప్పికి చాలాసార్లు కారణం ఇదే. గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి. పెడల్‌ని అన్నిటికంటే కిందికి తెచ్చి దాని మీద మడమ ఆనించండి. అప్పుడు కాలు నిటారుగా ఉండాలి. అలా వచ్చేదాకా సీటు లేపించండి, ఒక్కసారే కాకుండా వారానికి ఒక సెంటీమీటరు చొప్పున. తొక్కేటప్పుడు మడమ బదులు పాదం ముందు భాగం పెడల్ మీద ఉంటుంది కాబట్టి మోకాలు సరిగ్గా కావలసినంతే మడుస్తుంది.

అప్పుడు కూర్చుని ఉండగా కాళ్లు నేలకు అందవు. భయపడొద్దు. ఆగేటప్పుడు సీటు మీద నుంచి ముందుకు జారి, హ్యాండిల్ వెనక నిలబడడం నేర్చుకోవాలి. ఖాళీ మైదానంలో నాలుగు రోజులు అలవాటు చేసుకుంటే వచ్చేస్తుంది. ఎత్తు రాకముందే గేరు తగ్గించి, కాళ్లు తేలిగ్గా, త్వరత్వరగా తిరిగేలా చూసుకోండి. ఇవన్నీ చేశాక కూడా రెండు వారాల్లో నొప్పి తగ్గకపోతే, లేదా మోకాలు వాస్తే ఎముకల డాక్టరుకి చూపించండి. 46 వయసే కాదు. అరవై దాటిన వాళ్లు ఎస్.కోట రోడ్డులో నన్ను దాటి వెళ్తుంటారు.

వారాంతాల్లో వికారాబాద్ అనంతగిరి వెళ్తుంటాను. నా బరువు 82 కిలోలు, అల్యూమినియం సైకిల్ పదిన్నర కిలోలు. ఎనిమిది కిలోల కార్బన్ సైకిల్ రెండు లక్షలు చెబుతున్నారు. కొంటే ఎత్తుల్లో తేడా తెలుస్తుందా?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

ఎత్తులో మోయాల్సింది మొత్తం బరువు. మీరు, సైకిల్, రెండు నీళ్ల సీసాలు కలిపి సుమారు 94 కిలోలు. అందులో రెండున్నర తగ్గితే రెండున్నర శాతం పైచిలుకు. నలభై నిమిషాల ఘాట్‌లో ఒక నిమిషం. మీ అనంతగిరి ఎత్తు అంత పొడుగు కూడా లేదు, అక్కడ సెకన్లలో ఉంటుంది తేడా. ఆ నిమిషం కోసమే అయితే వద్దు. మంచి టైర్లు, సర్వీసు, చిన్న గేరు, వీటి మీద పెట్టండి. ఆ సైకిల్ అంటే మనసు పడి, డబ్బుకి ఇబ్బంది లేకపోతే కొనుక్కోండి. ఇష్టమైన సైకిల్ ఇంట్లో ఉంటే తెల్లవారుజామున లేవబుద్ధవుతుంది, ఆ లాభం ఏ లెక్కకూ అందదు.

మా అమ్మాయికి 19 ఏళ్లు. స్నేహితులతో కైలాసగిరి, తొట్లకొండ ఎక్కుతోంది. ఇప్పుడు పాడేరు ఘాట్ అంటోంది. ఎక్కడం గురించి నాకు బెంగ లేదు, దిగడం తలచుకుంటేనే టెన్షన్. పంపమంటారా?
– ఒక తండ్రి, విశాఖపట్నం

మీ బెంగ సరైన చోటే ఉంది. ఎక్కేటప్పుడు పడితే మోచెయ్యి గీసుకుంటుంది, దిగేటప్పుడు అలా కాదు. నేర్పించి పంపండి.

వేగం గంటకు 30 కిలోమీటర్లు ఉంటే, ప్రమాదం కనబడి బ్రేకు వేసి ఆగేసరికి పొడి రోడ్డు మీద సుమారు 17 మీటర్లు పడుతుంది. 45 ఉంటే 32 మీటర్లు. వేగం ఒకటిన్నర రెట్లయితే దూరం దాదాపు రెండింతలు. ఘాట్‌లో ఒక మలుపు నుంచి ముందుకు 32 మీటర్లు కనబడని చోట్లు బోలెడు. అందుకని కనబడినంత దూరంలో ఆగగలిగే వేగమే వెళ్లాలి, అంతకు మించి ఎవరి మాటా వినొద్దని చెప్పండి.

బ్రేకు మలుపుకి ముందు వెయ్యాలి, తిరిగేటప్పుడు వదలాలి. వంగి తిరుగుతున్న చక్రానికి గట్టిగా బ్రేకు వేస్తే జారుతుంది. చూపు ముందు చక్రం మీద కాకుండా మలుపు దాటి తాను వెళ్లాల్సిన చోట ఉండాలి. చేతులు హ్యాండిల్ కింది వంపులో ఉంటే బ్రేకు మీద పట్టు దొరుకుతుంది.

బయల్దేరే ముందు రోజు మీరే ఒక పని చేయండి. రిమ్ బ్రేకులైతే (చక్రం అంచుని రబ్బర్లతో పట్టేవి) చక్రాలు విప్పి, బ్రేకు రబ్బర్లను వెలుతురులో చూడండి. బీచ్ రోడ్డులో తొక్కే సైకిల్ కాబట్టి రబ్బరులో ఇసుక రేణువులు, సన్నటి అల్యూమినియం ముక్కలు దిగబడి మెరుస్తూ కనబడతాయి. గుండుసూదితో ఒక్కొక్కటీ గీరి తీసేయండి. అవి రిమ్ముని కోస్తాయి, బ్రేకు పట్టు తగ్గిస్తాయి. రబ్బరు మీది గాడులు అరిగి చదునైపోతే కొత్తవి వేయించండి. దిగేటప్పుడు బ్రేకు ఆపకుండా నొక్కి ఉంచితే రిమ్ము కాలిపోతుంది. గట్టిగా నొక్కడం, వదలడం, మళ్లీ నొక్కడం అలవాటు చేసుకోవాలి. దారిలో ఒకట్రెండు సార్లు ఆగి చల్లారనివ్వాలి.

చలికాలం పొద్దున్నే పాడేరు వైపు మంచు గట్టిగా ఉంటుంది. ఎక్కిన చెమట దిగేటప్పుడు గాలికి ఒళ్లు వణికిస్తుంది, వేళ్లు మొద్దుబారితే బ్రేకు అందదు. గ్లౌజులు తప్పనిసరి. కొండ మీద ఏ టీ కొట్టులోనైనా పాత న్యూస్‌పేపరు అడిగి, మడిచి చొక్కా లోపల గుండె మీద పెట్టుకోమనండి. చాలా పాత పద్ధతి, ఇప్పటికీ దాన్ని మించింది లేదు. ముందూ వెనకా లైట్లు పగలే వెలగాలి. పొగమంచు విడేదాకా దిగొద్దు.

మొదటిసారి మీరు కారులో వెనక వెళ్లండి, ఆమెకు అడ్డం కాకుండా. ఆమె దిగడం ఒకసారి కళ్లారా చూస్తే మీ బెంగ తగ్గుతుంది.

నాది గేర్లు లేని మామూలు సైకిల్. డిగ్రీ చదువుతున్నాను, కొత్తది కొనే స్తోమత లేదు. నేనూ ఇలా తిరగొచ్చా?
– ఒక విద్యార్థి, శ్రీకాకుళం

తప్పకుండా. పెద్ద ఘాట్లు మాత్రం వద్దు, ఆ బ్రేకులు దిగడానికి చాలవు. మీకు కొండలు లేని అందమైన దారి ఇంటి పక్కనే ఉంది. శ్రీకాకుళం నుంచి కళింగపట్నం దాకా వెళ్లి, వంశధార సముద్రంలో కలిసే చోటు చూసి, వచ్చేటప్పుడు శాలిహుండం వైపు తిరగండి. కొండ మీద బౌద్ధ స్తూపాల శిథిలాలు ఉన్నాయి, పైనుంచి నది వంపు మొత్తం కనబడుతుంది. కొండ కింద సైకిల్‌కి తాళం వేసి నడిచి ఎక్కండి.

ఎదురుగాలికి, చిన్న ఎత్తులకి ఒక సులువుంది. మామూలు సైకిళ్లకు వెనక సాధారణంగా 18 పళ్ల ఫ్రీవీలు (చైన్ తిప్పే పళ్ల చక్రం) ఉంటుంది. దాన్ని తీయించి 22 పళ్లది వేయించండి, పెద్ద ఖర్చు కాదు. తొక్కుడు అయిదో వంతు తేలికవుతుంది. చదును రోడ్డు మీద వేగం కాస్త తగ్గుతుంది, ఫరవాలేదు. చైన్‌కి ఒకటి రెండు లింకులు కలపాల్సి రావచ్చు, అది షాపులో ముందే చెప్పండి. ముందూ వెనకా బ్రేకు రబ్బర్లు కూడా అప్పుడే మార్పించేయండి.