బియ్యం పోసేటప్పుడే తేలిపోతుంది

ప్రశ్న: బరువు తగ్గాలని సోమవారం మొదలుపెడతాను, గురువారం రాత్రికల్లా మళ్ళీ కడుపు పగిలేలా తినేస్తాను. ఈ మోటివేషన్ నిలబడాలంటే ఏం చేయాలి?

గురువారం దాకా లాక్కొస్తున్నారంటే నాకన్నా మీరే నయం. నాది మంగళవారం సాయంత్రం వాన పడి పక్కింట్లోంచి పకోడీల వాసన వస్తే చాలు, అక్కడితో సరి.

అసలు ఈ మోటివేషన్ అన్న మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. పొద్దున్నే ఫోన్ తెరిస్తే చాలు, ఎవడో కుర్రాడు కండలు చూపిస్తూ మనసు గట్టిగా ఉండాలి, సాకులు చెప్పకూడదు అని ఉపన్యాసం ఇస్తుంటాడు. వాడికి వండిపెట్టేది వాళ్ళమ్మ, వాడు తిన్నాక గిన్నెలు సర్దేదీ వాళ్ళమ్మే. ఆవిడ నడుము చుట్టుకొలత ఎంతో ఎవరైనా అడిగారా?

మాది విజయవాడ, సత్యనారాయణపురం. మా ఆయనకి వన్‌టౌన్‌లో షాపు, కట్టేసి ఇల్లు చేరేసరికి రాత్రి పది దాటుతుంది. నేను కాలేజీలో పాఠాలు చెప్పుకుని ఐదున్నరకి వస్తాను. మా ఇంట్లో రాత్రి భోజనం మూడు బంతులు. అత్తయ్యగారు ఏడింటికి, పిల్లలు ఎనిమిదిన్నరకి, ఆయన పదిన్నరకి. మూడు బంతుల్లోనూ నేనున్నాను. కూర దించే ముందు ఉప్పు చూడ్డానికి ఒక గరిటె, అత్తయ్యగారికి వేయించిన అప్పడాల్లో విరిగిన ముక్కలు, చిన్నవాడు వదిలేసిన పెరుగన్నం రెండు ముద్దలు, ఆ తర్వాత ఆయన వచ్చి ‘నువ్వూ రా, తిందాం’ అంటే ఆయనతో కూర్చుని అసలు భోజనం. ఇదంతా అయ్యాక గిన్నెలు సర్దుతుంటే అడుగున కాస్త పప్పు, ఇంత బెండకాయ వేపుడు, రెండు గరిటెల అన్నం. ఫ్రిజ్‌లో పెట్టేంత ఉండదు, పారేయడానికి చేతులు రావు. గట్టు దగ్గర నిలబడే కలుపుకుని తినేయడం.

అది ఆకలా అంటే కాదు. పోనీ రుచా? చల్లారి మెత్తబడ్డ బెండకాయలో రుచేముంటుంది నా మొహం. మిగిలిపోతుందని తినడం, అంతే. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ ఒంట్లో చేరిన కొవ్వులో సగం ఇలా చేరిందేనని నా గట్టి నమ్మకం. రుజువు చూపించమంటే నా దగ్గర లేదు, మా అపార్ట్‌మెంట్‌లో నాలుగు వంటిళ్ళు చూపిస్తాను, చాలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్ళలో 36 శాతం మంది ఉండాల్సిన దానికన్నా బరువెక్కువ అని తేలింది. దేశం మొత్తం మీద అది 24 శాతం. అంటే ఏమిటి, మన ఆడవాళ్ళందరికీ పట్టుదల తక్కువైపోయిందా? వంటింట్లో ఏదో తేడా ఉందని అనుకోవడం న్యాయం కదా.

ఇక నాకు జరిగింది చెబుతాను. మా కాలేజీలో ఒక మేడమ్ తిండి తూచుకుని తినమని చెబితే ఆన్‌లైన్‌లో చిన్న తూకం మిషన్ తెప్పించాను. అరచేతి కన్నా కాస్త పెద్దది, పైన గాజు పలక, ముందర ఎర్రటి అంకెలు. మొదటి రోజు సాయంత్రం ఏడింటికే, అత్తయ్యగారితో పాటే తినేసి ఆ గొడవ వదుల్చుకుందామని, పళ్ళెం దాని మీద పెట్టి, సున్నా నొక్కి, అన్నం పెట్టుకోవడం మొదలుపెట్టాను. ఆవిడ ఎదురుగా కూర్చుని పప్పన్నం కలుపుకుంటున్నారు. కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది.

‘ఏమిటే అమ్మాయ్ అది?’

‘అన్నం తూచుకుంటున్నానండీ.’

‘అన్నాన్ని తూకం వేస్తారుటే ఎక్కడైనా? దిష్టి కదూ!’

నేను పలకలేదు. 150 గ్రాముల దగ్గర ఆపి చూస్తే పళ్ళెం మధ్యలో గుప్పెడు కనిపించింది. ఉత్త అన్నమే సుమారు 200 కేలరీలు. రోజూ నేను పెట్టుకునేది ఎంతుంటుందో చూద్దామనిపించి ఎప్పటిలాగే పెట్టుకుంటూ పోయాను. అంకెలు 400 దాటాయి. కూర వేయలేదు, పప్పులోకి నెయ్యి రాలేదు, తర్వాత పెరుగన్నం అసలు లెక్కలోకే రాలేదు. అత్తయ్యగారు అంకెల వంక, నా వంక చూసి ఏమీ అనలేదు గానీ, అనకపోవడమే ఎక్కువ వినిపించింది.

ఎక్కువైన అన్నం ఒక గిన్నెలోకి తీసి, దాన్ని చూస్తే మళ్ళీ తింటానని, తిన్నగా సింకు పక్కన తడి చెత్త డబ్బా మూత తీశాను. ఆవిడ ఎంగిలి చేత్తోనే లేచి వచ్చి, రెండో చేత్తో గిన్నె లాక్కున్నారు.

ఆవిడది దివిసీమ, అవనిగడ్డ అవతల పల్లెటూరు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చిన రోజుకి పదిహేనేళ్ళ పిల్ల. చేలన్నీ ఉప్పునీళ్ళలో ఉంటే, ఎవరో తెచ్చిచ్చిన పులిహోర పొట్లం నలుగురూ పంచుకున్నారట. ఆ పులిహోర పులిసిపోయి ఉందని కూడా చెబుతారు, అయినా దాని మాట ఎత్తితే ఇప్పటికీ గొంతు మారిపోతుంది. అలాంటి మనిషికి కేలరీల లెక్క నేనేం చెప్పగలను?

తిట్టలేదు. ‘పారేసేటంత ఎందుకు వండావు మరి?’ అన్నారు. అంతే అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. కుక్కర్ గిన్నెలో మూడు గ్లాసులు పోయడం నాకు పెళ్ళైన కొత్తలో పడిన అలవాటు. అప్పట్లో మామగారుండేవారు, మరిది మా దగ్గరే ఉండి చదువుకునేవాడు. ఇద్దరూ లేరిప్పుడు, మూడు గ్లాసులు మాత్రం ఉన్నాయి.

మర్నాడు అటక మీద నుంచి ఇత్తడి గిద్ద దింపించారు, అరసోలలో సగం పట్టే పాతకాలపు కొలపాత్ర అది. చింతపండుతో తోమి బియ్యం డబ్బాలో పడేశారు. ‘మా అమ్మ మనిషికి అరసోల పోసేది, మేం నాట్లేసి వచ్చేవాళ్ళం. కుర్చీలో కూర్చుని పాఠాలు చెప్పుకునేదానివి, నీకు గిద్ద చాలదూ?’ అన్నారు. (నేను నిలబడే చెబుతాను, అయినా ఆవిడతో ఎవరు వాదిస్తారు.) ఆ రోజు నుంచి సాయంత్రం బియ్యం కొలిచేది ఆవిడే. నాకు గిద్ద, ఆవిడకి అంతకన్నా తక్కువ, ఆయనకి గిద్దన్నర. కుక్కర్లో ఉన్నదే అంత కాబట్టి మిగలడానికి ఏమీ లేదు. మొదట్లో మా ఆయన పదిన్నరకి వచ్చి గరిటెతో గిన్నె అడుగు గీకి ‘ఇంతేనా?’ అని గుర్రుమన్నారు. వాళ్ళమ్మే కొలిచిందని తెలిశాక నోరెత్తలేదు. ఇప్పుడాయన బెల్టు ఒక చిల్లు లోపలికి జరిగింది, ఆ ఘనత మాత్రం తన ఉదయపు నడకదే అంటారు.

నేను చెప్పదలుచుకుంది ఇదే. ఎంత తినాలన్నది పళ్ళెం ముందు కూర్చుని తేల్చుకునే పని కాదు. రాత్రి పదింటికి అలసిపోయి, ఆకలి మీదున్న మనిషికి ఏ పట్టుదలా ఉండదు, ఉండాలనుకోవడమే అన్యాయం. సాయంత్రం ఆరింటికి కాఫీ తాగి నిమ్మళంగా ఉన్న మనిషికి ఉంటుంది. ఆ మనిషి చేత బియ్యం కొలిపించండి. మీరు ఒక్కరే ఉంటే మీరే కొలుచుకోండి, హాస్టల్లోనో మెస్‌లోనో తినేవాళ్ళయితే ఒక్కసారే పెట్టించుకుని, రెండోసారి వడ్డనకి లేవనని ముందే అనుకుని కూర్చోండి.

అయితే బియ్యం తగ్గించి ఊరుకుంటే పదకొండింటికి మళ్ళీ చేగోడీల డబ్బా వెతుక్కుంటారు, ఇది రాసిస్తాను. తగ్గించిన చోట పప్పు, కూర, గుడ్డు, పెసలో శనగలో ఏవో గుగ్గిళ్ళు పెరగాలి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, తిండి ద్వారా వచ్చే శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదని, మన దేశంలో అది 50 నుంచి 70 శాతం దాకా ఉంటోందని రాశారు. మనకి పెళ్ళి భోజనంలో కూడా ఆవకాయన్నం, పప్పన్నం, సాంబారన్నం, పెరుగన్నం అని అన్నమే నాలుగు వేషాల్లో వస్తుంది. కూర మాత్రం చెంచాడు.

మీ గురువారం సంగతి కూడా నేను ఊహించగలను. సోమవారం పొద్దున టిఫిన్ మానేసి ఉంటారు, మధ్యాహ్నం కీరా ముక్కలు, రాత్రి రెండు పుల్కాలు. మూడు రోజులు ఒంటిని మాడిస్తే నాలుగో రోజు అది ఊరుకుంటుందా, వడ్డీతో సహా లాక్కుంటుంది. పొద్దున పూట కడుపు నిండా తినండి, మహా అయితే రెండు ఇడ్లీలు తగ్గించండి. పూర్తిగా మానేయడం మాత్రం వద్దు.

డైట్ల జోలికి నేను పోలేదు. మా అపార్ట్‌మెంట్‌లో ఒకప్పుడు మంతెన సత్యనారాయణరాజు గారి పద్ధతి అని ఉప్పూ నూనే మానేసినవాళ్ళు ఉన్నారు. తర్వాత 2018 ప్రాంతంలో వీరమాచినేని రామకృష్ణ గారి పద్ధతి అని కొబ్బరి నూనె, నిమ్మకాయలు తెచ్చి నింపుకున్నవాళ్ళు అంతకన్నా ఎక్కువ. తగ్గినవాళ్ళు తగ్గారు, నేనేం కాదనను. నా గొడవల్లా ఒకటే, ఇంట్లో మగాయన డైట్ మొదలుపెడితే ఆయనకొక వంట, పిల్లలకొకటి, పెద్దవాళ్ళకొకటి. అన్నీ వండి అన్నిటికీ ఉప్పు చూసే ఆవిడ బరువు పెరుగుతుంది. ఈ లెక్క ఎవరూ వేయరు.

నడక మంచిదే. కానీ గంట గట్టిగా నడిస్తే ఖర్చయ్యేది 250 కేలరీలకి అటూ ఇటూ. మాకు దగ్గర్లో నడవడానికి బీఆర్‌టీఎస్ రోడ్డు ఉంది, సాయంత్రమైతే పక్కన తిండి బళ్ళు. నడిచినందుకు బహుమానంగా ఒక ప్లేటు తిని వచ్చేవాళ్ళని రోజూ చూస్తాను. నూనె గ్రాముకి 9 కేలరీలండీ బాబూ.

రోజూ పొద్దున్నే మిషన్ ఎక్కి దిగులు పడొద్దు. ముందు రోజు ఆవకాయ దట్టంగా తింటే మర్నాడు కిలో ఎక్కువ చూపించవచ్చు, అది ఒంట్లో నిలిచిన నీరు, కొవ్వు కాదు. ఆడవాళ్ళకి నెలసరి ముందు కూడా అంతే. టైలర్ టేపు ఒకటి కొనుక్కుని నెలకోసారి నడుము కొలుచుకోండి. మనవాళ్ళకి డాక్టర్లు చెప్పే హద్దు ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు, మగవాళ్ళకి 90. చుట్టాల కొలతలు మాత్రం నమ్మొద్దు. లావుగా ఉన్నప్పుడు ‘ఏ కొట్లో బియ్యమమ్మా’ అని నవ్విన పిన్నిగారే, నేను తగ్గాక ఒక పెళ్ళిలో చెయ్యి పట్టుకుని ‘ఏమిటలా చిక్కిపోయావు, షుగరా?’ అని అందరికీ వినబడేలా అడిగింది.

కడుపు పగిలేలా అన్నారు కాబట్టి ఒక్క మాట సీరియస్‌గా చెబుతాను. పండక్కి ఎక్కువ తినడం వేరు. ఎవరూ చూడకుండా, ఆకలి లేకపోయినా, ఆపుకోలేక తినేసి, తర్వాత మీ మీద మీకే అసహ్యం వేస్తుంటే, అది వారం వారం జరుగుతుంటే అది వేరు. దాన్ని డాక్టర్లు బింజ్ ఈటింగ్ డిజార్డర్ అంటారు. 2013 నుంచి అమెరికా మానసిక వైద్యులు తమ జబ్బుల జాబితాలో దానికి విడిగా చోటిచ్చారు. అది గిద్దతో కొలిస్తే పోయేది కాదు, డైటింగ్ చేస్తే కొందరిలో ఇంకా ముదురుతుంది కూడా. సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్ళడానికి మొహమాటంగా ఉంటే ప్రభుత్వం వారి టెలి మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు.

మరి పండగలకి ఏం చేస్తావని అడుగుతారేమో. సంక్రాంతికి అత్తయ్యగారు గిద్ద పక్కన పడేసి కుంచం లెక్కన బియ్యం నానబోస్తారు అరిసెలకి. మూడు రోజులూ తింటాను, తూకాలు లేవు, లెక్కలు లేవు. కనుమ మర్నాడు మిగిలినవన్నీ స్టీలు డబ్బాలకెత్తి మా ఆడపడుచు వాళ్ళింటికి పంపేస్తాను. ఆవిడ కూడా డైటింగ్‌లోనే ఉంది, కానీ అది ఆవిడ బాధ.