కార్డు కొనే ముందు ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ చదవండి

ప్రశ్న: మాది బొబ్బిలి. పెళ్లిళ్లకూ పేరంటాలకూ ఫొటోలు, వీడియోలు తీసే చిన్న స్టూడియో నడుపుతున్నాను. 2014 చివర్లో కొన్న నా డెస్క్‌టాప్‌లో ఐ5-4590 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్క్ ఉన్నాయి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. కొత్త కెమెరా కొన్నప్పటి నుంచి దాని వీడియోలను ఎడిటింగ్‌లో వేస్తే బొమ్మ ఆగి ఆగి కదులుతోంది. విశాఖలో ఒక దుకాణంలో అడిగితే ఆర్‌టీఎక్స్ 3060 అనే గ్రాఫిక్స్ కార్డు వేయించుకోమన్నారు. ఇక్కడి మెకానిక్ మాత్రం ఆ డబ్బు దండగ, పెట్టె మొత్తం మార్చేయండి అంటున్నాడు. ఎవరి మాట వినాలి? రాత్రిళ్లు మా అబ్బాయి దానిలోనే గేములు కూడా ఆడతాడు.
ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: ముందు బొమ్మ ఎందుకు ఆగుతోందో చూద్దాం. ఇప్పటి కెమెరాలు, ఫోన్లు చాలావరకు వీడియోను హెచ్.265 పద్ధతిలో కుదించి దాచుకుంటాయి. మీ నాలుగో తరం ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కు అంతకు ముందు పద్ధతి హెచ్.264ను విప్పడం వచ్చు గానీ హెచ్.265 కోసం ప్రత్యేకమైన ఏర్పాటు లేదు. అందువల్ల ఆ భారమంతా ప్రాసెసర్‌లో లెక్కలు చేసే నాలుగు కోర్ల మీద పడి అవి ఊపిరాడక ఆగుతున్నాయి. కాబట్టి కార్డు వేస్తే మీకు నిజంగానే ఉపశమనం కలుగుతుంది, అయితే ఈ ఒక్క పనికి పెద్ద కార్డే అక్కర్లేదు. 2016లో వచ్చిన జీటీఎక్స్ 1050 టీఐ కూడా హెచ్.265ను విప్పగలదు. ఇక్కడ ఒక మెలిక ఉంది. మీ కెమెరా మెనూలో 4:2:2 10-బిట్ అని, అంటే రంగుల వివరం ఎక్కువగా దాచే రకం, ఎంచుకుని ఉంటే, ఈ కార్డుల కంపెనీ ఎన్విడియాలో ఆర్‌టీఎక్స్ 50 వరసకు ముందు వచ్చిన ఏ కార్డూ ఆ రకం హెచ్.265 వీడియోను స్వయంగా విప్పలేదు. దుకాణదారు చెప్పిన 3060 తెచ్చినా మీ బాధ అలాగే ఉంటుంది. ఆ సెట్టింగును 4:2:0కు మార్చి ఒక చిన్న క్లిప్ తీసి చూడండి. దానికి పైసా ఖర్చు లేదు.

ఇక అసలు సంగతి ఎస్‌ఎంపీఎస్, అంటే కంప్యూటర్ లోపలి భాగాలన్నిటికీ కరెంటు అందించే డబ్బా. క్యాబినెట్ పక్క రేకు విప్పి దాని మీది స్టిక్కర్ చదవండి. పైన పెద్ద అక్షరాలతో 450 వాట్లు అని ఉన్నంత మాత్రాన సంతోషపడకండి. కింది పట్టికలో 12 ఓల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు రాశారో చూసి, ఆ అంకెను 12తో గుణించండి. ప్రాసెసర్‌కైనా గ్రాఫిక్స్ కార్డుకైనా కరెంటు ప్రధానంగా ఆ వరస నుంచే వస్తుంది. 18 ఆంపియర్లు ఉంటే 216 వాట్లు. మీ ప్రాసెసర్ 84 వాట్ల రకం. డిస్కు, ఫ్యాన్లు, మదర్‌బోర్డు కలిపి మరో నలభై యాభై వేసుకోండి. 3060 ఒక్కటే 170 వాట్లు అడుగుతుంది, అంటే లెక్క మూడు వందలకు చేరుతుంది. పదేళ్లు దాటిన ఎస్‌ఎంపీఎస్ తన మీద రాసినంత బరువు మోస్తుందని నేనైతే నమ్మను.

అడాప్టర్‌తో సర్దుకోవచ్చని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. నేను ఒకసారి ఒప్పుకున్నాను. ఆరు పిన్నుల కనెక్టర్ లేని ఎస్‌ఎంపీఎస్‌కు, డిస్కులకు పెట్టే వైర్లను కలిపే చౌక అడాప్టర్ ఒకటి తగిలించాను. మూడో వారంలో ప్లాస్టిక్ కాలిన వాసన వేసింది. విప్పి చూస్తే, 12 ఓల్టులు మోసే పసుపు వైరు తొడుగు కనెక్టర్ దగ్గర గోధుమ రంగుకు తిరిగి, వేలు తగిలితే పొడిగా రాలింది.

మదర్‌బోర్డు మీది పొడుగు స్లాట్ సొంతంగా 75 వాట్ల వరకు ఇవ్వగలదు. ఆ హద్దులో పనిచేసే కార్డుకు వేరే వైరు అవసరం లేదు. మీకు నేను చెప్పేది 2024లో వచ్చిన 6 జీబీ ఆర్‌టీఎక్స్ 3050. అది 70 వాట్లతో సరిపెట్టుకుంటుంది. అదే 3050 పేరుతో 8 జీబీది కూడా ఉంది, అది 130 వాట్లు తాగుతుంది, దానికి విడిగా కరెంటు వైరు కావాలి. బిల్లు కట్టే ముందు కార్డు డబ్బా మీద 6 జీబీ అని ఉందో లేదో, కార్డు అంచున కరెంటు సాకెట్ లేకుండా ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి. క్యాబినెట్ సన్నరకం అయితే పొట్టి కార్డు, దానికి సరిపోయే పొట్టి బిగింపు రేకు అడగాలి.

చౌకగా ఉంది కదా అని రేడియాన్ ఆర్‌ఎక్స్ 6400 వైపు వెళ్లకండి. తయారైన వీడియోను కుదించి ఎక్కించే ఏర్పాటే దానిలో లేదు, మీ వృత్తికి అది ఎందుకూ పనికిరాదు. ఇంటెల్ ఆర్క్ కార్డులు పాత బోర్డులలో పూర్తి వేగం ఇవ్వవు. సెకండ్‌హ్యాండ్‌లో 1050 టీఐ దొరుకుతుంది గానీ, అంతకంటే పాత కార్డుకు తప్పుడు బయోస్ (కార్డు తన పేరూ వివరాలూ చెప్పుకునే లోపలి సాఫ్ట్‌వేర్) ఎక్కించి ఆ పేరుతో అమ్మే మోసం చాలా కాలంగా ఉంది. అమ్మేవారి ముందే జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి చూడండి, అటువంటి నకిలీలను చాలావరకు అది పట్టిస్తుంది.

మీ మెకానిక్ మాటలోనూ న్యాయం ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11 అధికారికంగా నాలుగో తరం ప్రాసెసర్లను ఒప్పుకోదు. కనుక ఈ పెట్టెకు ఆయుష్షు ఎంతో లేదు. మీరు ఏడాదిలోగా పెట్టె మార్చాలని గట్టిగా అనుకుంటే, మీది అసెంబుల్డ్ క్యాబినెట్ అయితే, మంచి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌తో సహా 3060 ఇప్పుడే కొని, రేపు రెండింటినీ కొత్త దానిలోకి మార్చుకోవచ్చు. కంపెనీ డెస్క్‌టాప్ అయితే ఆ దారి చాలాసార్లు మూసుకుపోతుంది, ఎందుకంటే వాటి ఎస్‌ఎంపీఎస్ ఆకారం, పిన్నులు బజారులో దొరికేవాటికి కలవవు.

ఏది చేసినా, హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించడం, ర్యామ్‌ను 16 జీబీ చేయడం కార్డు కంటే ముందు జరగాలి. మీ అబ్బాయికి ఒక మాట: కొత్త గేముల్లో ఆ నాలుగు కోర్లే ముందు అలసిపోతాయి, కార్డు ఖాళీగా కూర్చుంటుంది.

ప్రశ్న: రెండో తరం ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్‌లో జీటీఎక్స్ 1650 వేయించాను. నా పాత మానిటర్‌కు వీజీఏ వైరు మాత్రమే ఉంది. బొమ్మ రావడం లేదు. కార్డు పాడైందా?
ఒక పాఠకురాలు, ఆమదాలవలస

జవాబు: కార్డును అప్పుడే తప్పుపట్టకండి. ఎన్విడియా పదో వరస నుంచి కార్డులలో వీజీఏ సంకేతం ఇవ్వడం మానేసింది. పిన్నులు మాత్రమే మార్చే చౌక డీవీఐ అడాప్టర్ పనిచేయదు. లోపల చిప్ ఉన్న హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏ కన్వర్టర్ తెచ్చి, దాన్ని మదర్‌బోర్డుకు కాక కార్డుకు తగిలించండి. అప్పటికీ తెర నల్లగానే ఉంటే అదే కార్డును కొత్త కంప్యూటర్‌లో పెట్టి చూడండి. అక్కడ బొమ్మ వస్తే లోపం బహుశా మీ బోర్డు పాత బయోస్‌ది, అంటే కంప్యూటర్‌ను మొదలుపెట్టే బోర్డు లోపలి సాఫ్ట్‌వేర్‌ది. తయారీదారు సైటులో అప్‌డేట్ ఉందేమో చూసి ఎక్కించండి, లేకపోతే కార్డును వాపసు ఇచ్చేయండి.