టెక్ సందేహాలు: డైనమో మార్చే ముందు మల్టీమీటర్ పెట్టి చూడండి

ప్రశ్న: మాది 2005 మోడల్ మారుతి 800. నాన్నగారు కొన్న కారు, అమ్మడం ఇష్టం లేదు. రెండు మూడు రోజులు బయటకు తీయకపోతే సెల్ఫ్ తీసుకోవడం లేదు. బ్యాటరీ పోయిందంటే కొత్తది వేయించాను. నెల తిరక్కుండానే మళ్లీ అదే సమస్య. రాత్రిపూట ఏసీ, వైపర్లు వేస్తే హెడ్‌లైట్లు డిమ్ అవుతున్నాయి, బ్యాటరీ గుర్తు ఎర్రగా సన్నగా వెలుగుతోంది. ఒక మెకానిక్ ఇంజిన్ నడుస్తుండగానే బ్యాటరీ వైరు పీకేసి, బండి ఆగలేదు కాబట్టి డైనమో బాగుందన్నాడు. ఇంకొకరు డైనమో మొత్తం మార్చేయాలంటున్నారు. ఈమధ్య ఆండ్రాయిడ్ స్టీరియో కూడా పెట్టించాను. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, లాసన్స్ బే కాలనీ, విశాఖపట్నం

జవాబు: ముందుగా ఒక మాట. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకే పరీక్ష ఇంకెవరినీ చేయనివ్వకండి. ఇంజిన్‌తో పాటు తిరుగుతూ బ్యాటరీని చార్జ్ చేసే డైనమో (ఆల్టర్నేటర్) నుంచి వచ్చే కరెంటు ఎగిసిపడకుండా పట్టి ఉంచేది బ్యాటరీయే. దాన్ని ఒక్కసారిగా తీసేస్తే వోల్టేజీ అమాంతం పెరిగిపోతుంది. డైనమోలో కరెంటును ఒకే దిశలో పంపే డయోడ్లు, వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ కాలిపోవచ్చు. మీది ఎంపీఎఫ్ఐ (ఎలక్ట్రానిక్ పద్ధతిలో పెట్రోలు చిమ్మే) బండి, అంటే ఇంజిన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్ ఈసీయూ కూడా ఉంటుంది. అది పోతే డైనమో ఖర్చే నయమనిపిస్తుంది. పైగా బండి ఆగకపోవడం వల్ల తెలిసేది డైనమో ఎంతో కొంత కరెంటు ఇస్తోందని మాత్రమే. సరిపడా ఇస్తోందా, అది బ్యాటరీ దాకా చేరుతోందా అన్నది తెలియదు.

ఆ రెండూ తేల్చడానికి ఒక మామూలు మల్టీమీటర్ చాలు. ఎలక్ట్రికల్ షాపుల్లో కొన్ని వందలకే దొరుకుతుంది. మొదట కొత్త బ్యాటరీని విప్పించి, బయట చార్జర్‌తో రాత్రంతా నెమ్మదిగా చార్జ్ చేయించండి. బాగా దిగిపోయిన బ్యాటరీని డైనమోయే నింపుతుందిలే అని వదిలేస్తే అది వేడెక్కి త్వరగా పాడవుతుంది. ఎంవీపీ నుంచి జగదాంబ దాకా సిగ్నళ్ల దగ్గర ఆగుతూ, ఏసీ వేసుకుని వెళ్లే ప్రయాణంలో ఎలాగూ అది నిండదు.

చార్జ్ అయ్యాక బ్యాటరీ బిగించి, మర్నాడు పొద్దున తాళం పెట్టకముందే మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టుల దగ్గర ఉంచి బ్యాటరీ ప్లస్, మైనస్‌ల మధ్య కొలవండి. 12.6 దగ్గరుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే ఉన్నట్టు. తర్వాత స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ కొంచెం తొక్కి ఉంచమని ఇంట్లోవాళ్లకు చెప్పి చూడండి. 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. హెడ్‌లైట్లు, ఏసీ వేసినా 13.5 కిందకు పడకూడదు. పడిందే అనుకుందాం. అప్పుడు కూడా డైనమో మీద నింద వేయకండి. ఎక్కువ మంది ఇక్కడే డబ్బు పోగొట్టుకుంటున్నారు.

డైనమో వెనక లావు వైరు బిగించిన బోల్టు ఒకటుంటుంది. లైట్లు, ఏసీ వేసి ఉంచి, మల్టీమీటర్ ఒక మొన ఆ బోల్టుకు, రెండోది బ్యాటరీ ప్లస్‌కు ఆనించండి. 0.2 వోల్టులు, మహా అయితే 0.3 రావాలి. అర వోల్టు దాటితే దారిలో వైరో, జాయింటో కరెంటు తినేస్తోందన్నమాట. అలాగే డైనమో బాడీకీ, బ్యాటరీ మైనస్‌కూ మధ్య కొలవండి. అక్కడ 0.2 కూడా దాటకూడదు. ఇదంతా తిరిగే బెల్టు పక్కనే చేయాల్సిన పని. కాబట్టి చొక్కా చేతులు మడిచి పెట్టుకోండి, మొనలు జారి ఇంజిన్ బాడీకి తగలకుండా చూసుకోండి. ఆ బోల్టులో ఇంజిన్ ఆపినా కరెంటు ఉంటుంది.

మీరు ఉండేది సముద్రానికి దగ్గర్లో. అందుకే నాకు అనుమానమంతా ఎర్త్ వైరు మీదే ఉంది. ఉప్పుగాలికి మన ఊళ్లో గేట్లు, గ్రిల్స్ ఎలా తుప్పు పడతాయో మీకు తెలిసిందే. కారులో మైనస్ నుంచి బాడీకి, ఇంజిన్‌కు వెళ్లే వైరు పైకి బాగానే కనిపిస్తుంది. విప్పి చూస్తే లగ్గు (వైరు చివర బోల్టుకు బిగించే లోహపు ముక్క) కింద తుప్పు, రబ్బరు తొడుగు లోపల రాగి తీగలు ఆకుపచ్చగా పొడిపొడిగా ఉంటాయి. అలా ఉంటే కొత్త వైరు వేయించండి. తుప్పు పైపైనే ఉంటే గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, పైన వ్యాసలీన్ రాయండి. టెర్మినల్స్ మీద తెల్ల పొడి ఉంటే వేడినీళ్లలో వంటసోడా కలిపి కడగండి. విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు చివర మైనస్.

ఆ ఎర్ర గుర్తు సన్నగా వెలగడం కూడా ఎక్కడో లోపం ఉందనే చెబుతోంది. ఆ బల్బుకు ఒకవైపు బ్యాటరీ, మరోవైపు డైనమో. రెండు వైపులా వోల్టేజీ సమానమైతే ఆరిపోతుంది. తేడా మిగిలితే మినుకుమంటుంది. వైరింగులో లోపం ఉన్నా, డయోడ్ పోయినా ఇలాగే జరుగుతుంది. తాళం తిప్పగానే గుర్తు అసలు వెలగకపోతే బల్బు సంగతి చూసుకోవాలి. డైనమో పని మొదలుపెట్టడానికి కావలసిన కరెంటు దాని గుండానే వెళ్తుంది.

వైర్లన్నీ బాగుండి, డైనమో దగ్గరే వోల్టేజీ తక్కువ వస్తే ముందు బెల్ట్ చూడండి. అది వదులుగా ఉండకపోతే గాజువాక ఆటోనగర్‌లో మంచి ఎలక్ట్రీషియన్‌తో డైనమో విప్పించండి. చాలాసార్లు కార్బన్ బ్రష్‌లు, రెగ్యులేటర్ మారిస్తే సరిపోతుంది.

ఇక నిలిపి ఉంచితే చార్జ్ దిగిపోవడం వేరే సంగతి. దీనికి మీ స్టీరియోను అనుమానిస్తున్నాను. దాని పసుపు వైరుకు ఎప్పుడూ కరెంటు ఉండాలి, ఎరుపు వైరుకు తాళం తిప్పాకే రావాలి. బిగించినవాళ్లు రెండూ కలిపేస్తే అది నిద్రపోదు. అన్నీ ఆపి, తాళం తీసేసి, బ్యాటరీ మైనస్ వైరు విప్పి, 10 ఆంపియర్ల రంధ్రంలో ఎర్ర వైరు పెట్టిన మల్టీమీటర్‌ను ఆ విప్పిన వైరుకూ, బ్యాటరీ మైనస్‌కూ మధ్యలో కలపండి. ఆ సమయంలో సెల్ఫ్ కొట్టకండి. అరగంట తర్వాత 0.05 ఆంపియర్లు దాటకూడదు. 0.3 ఉందనుకోండి, రోజుకు 7 ఆంపియర్ అవర్లకు పైగా పోతాయి. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ మూడు రోజుల్లో సగానికి పైగా ఖాళీ. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ వెళ్తే ఏది తీసినప్పుడు అంకె పడిపోయిందో అక్కడే దొంగ దొరుకుతాడు. కొలత అవగానే ఎర్ర వైరును వోల్టుల రంధ్రంలోకి మార్చండి. మరిచిపోయి బ్యాటరీకి ఆనిస్తే నేరుగా షార్ట్ అవుతుంది.

ప్రశ్న: సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే డిజిటల్ వోల్ట్‌మీటర్ కొన్నాను. ఎప్పుడూ 13.4 దగ్గరే చూపిస్తోంది. టెన్షన్‌గా ఉంది.
– మధురవాడ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: కంగారు పడకండి. ఆ సాకెట్ దాకా వచ్చే సన్న వైర్లలో కొంత వోల్టేజీ పోతుంది, కాబట్టి బ్యాటరీ దగ్గర కన్నా తక్కువే కనిపిస్తుంది. ఒక్కసారి మల్టీమీటర్‌తో బ్యాటరీ దగ్గర కొలిచి తేడా ఎంతో రాసి పెట్టుకోండి. 15 దాటి కనిపిస్తే మాత్రం రెగ్యులేటర్ పోయినట్టే. బ్యాటరీ ఉడికిపోయి కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. అలాంటప్పుడు ఇంజిన్ ఆపేసి, చల్లారేదాకా బ్యాటరీ దగ్గర నిప్పు లేకుండా చూసుకుని, ఎలక్ట్రీషియన్‌నే బండి దగ్గరకు రమ్మనండి.