పార్టీలు లేకుండా ప్రజాస్వామ్యం నడవదా?

"రాజకీయ పార్టీల వల్ల ప్రజాస్వామ్యానికి మేలా, కీడా? అందరూ ఇండిపెండెంట్లుగా నిలబడితే సరిపోదా?" అని అడిగారు.

సరిపోదు. ఎందుకో తెలియాలంటే పోలింగ్ రోజు తెల్లారకముందే విశాఖలో ఏదో ఒక స్కూల్లో పెట్టిన బూత్ సంగతి చూడాలి. ఓటింగ్ ఏడింటికైతే, మెషీను సరిగా ఉందో లేదో చూసే ఉత్తుత్తి ఓటింగు, అంటే మాక్ పోల్, ఐదున్నరకే. అభ్యర్థుల తరఫున బూత్‌లో కూర్చునే ఏజెంట్లు రాకపోతే బూత్ బాధ్యుడైన ప్రిసైడింగ్ ఆఫీసరు పావుగంట చూసి, ఉన్న సిబ్బందితోనే కానిచ్చేస్తాడు. నోటాతో సహా ప్రతి బటనూ నొక్కుతూ కనీసం 50 ఓట్లు వెయ్యాలి. మెషీను లెక్కనీ, ప్రతి ఓటుకీ చీటీ అచ్చేసే వీవీప్యాట్ చీటీలనీ సరిచూడాలి. ఆ తర్వాత 'క్లియర్' నొక్కి, మొత్తం సున్నా అయిందని ఏజెంట్లకి చూపించాలి. వీవీప్యాట్ డబ్బాలో చీటీలు తీసేసి నల్ల కవర్లో పెట్టి సీలెయ్యాలి. నిద్రమొహాల హడావుడిలో ఆ క్లియర్ మర్చిపోయారో, మాక్ ఓట్లు అసలు ఓట్లలో కలిసిపోతాయి. సాయంత్రం, ఓటేసినవాళ్ల వివరాలు రాసే 17ఏ రిజిస్టరుకీ మెషీనుకీ లెక్క కుదరదు. పక్కన కూర్చుని "సార్, సున్నా చూపించండి" అనే మనిషి ఏజెంటే.

పేపర్ సీలు నంబరు రాసుకుని దాని మీద సంతకం పెట్టేదీ అతనే. పోలింగ్ అయ్యాక 17సీ ఫారం నకలు చేతిలో పడకుండా బయటికి రాకూడదు. పోలైన ఓట్లు, మెషీన్ల నంబర్లు, సీళ్ల నంబర్లు అన్నీ అందులోనే ఉంటాయి. ఆ కాగితం లేకుండా కౌంటింగ్ రోజు ఏయూ ఇంజినీరింగ్ కాలేజీలో టేబుల్ ముందు కూర్చున్నా చూస్తూ ఉండటమే.

ఒక్కో నియోజకవర్గంలో రెండొందల పైచిలుకు బూత్‌లు. బూత్‌కొక మనిషి, అతను టిఫిన్‌కి లేస్తే కూర్చోడానికి ఇంకొకరు. ఇండిపెండెంటు ఇంతమందిని ఎక్కణ్ణుంచి తెస్తాడు? నామినేషన్‌కే అతనికి పదిమంది ప్రతిపాదకులు కావాలి. గుర్తింపు ఉన్న పార్టీ అభ్యర్థికి ఒక్కరు చాలు.

పంచాయతీ ఎన్నికలు పార్టీరహితం అంటారు గానీ, ఆనందపురం వైపు ఏ ఊళ్లో అడిగినా సర్పంచి ఎవరి మనిషో చెప్పేస్తారు. ఆ ముసుగు ఎందుకో నాకు అర్థం కాదు.

అసలు రోగం బీ ఫారంలో, అంటే పార్టీ టికెట్ కాగితంలో ఉంది. నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోపు ఏ, బీ ఫారాలు రిటర్నింగ్ ఆఫీసరుకి చేరాలి. ఏ ఫారంలో సంతకం పెట్టే అధికారం ఎవరిదో, వారి నమూనా సంతకం ఉంటాయి. బీ ఫారంలో అభ్యర్థి పేరు ఉంటుంది. సంతకం సిరాతోనే పెట్టాలి. జిరాక్సు, రబ్బరు స్టాంపు చెల్లవు. ఆ సిరా చుక్క పడకపోతే ఇరవై ఏళ్లు జెండా మోసినవాడికైనా పార్టీ గుర్తు దక్కదు. పేరు ఎలా ఎంచారని మాత్రం చట్టం అడగదు. దేశ రాజ్యాంగానికి కట్టుబడతామని రిజిస్ట్రేషన్ అప్పుడిచ్చిన హామీని పార్టీ తుంగలో తొక్కినా, ఆ కారణంతో రిజిస్ట్రేషన్ రద్దు చేసే అధికారం ఎన్నికల సంఘానికి లేదని 2002లో సుప్రీంకోర్టే చెప్పింది.

ఎమ్మెల్యేగా గెలిచాక అదే పార్టీ చెయ్యి విప్, అంటే సభలో ఎలా ఓటెయ్యాలో చెప్పే ఆదేశం, పట్టుకొస్తుంది. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధక చట్టం) ప్రకారం మామూలు బిల్లు మీద విప్‌కి ఎదురు ఓటేసినా సభ్యత్వం పోవచ్చు. విప్‌ని అవిశ్వాసానికీ బడ్జెట్‌కీ పరిమితం చేసి, బీ ఫారానికి ముందు నియోజకవర్గంలోని పార్టీ సభ్యుల చేత ఓటింగ్ పెట్టిస్తే సగం జబ్బు తగ్గుతుంది.

పార్టీల్లేని పాలన ఎలా ఉంటుందో విశాఖకి తెలియంది కాదు. విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీ పాలకవర్గం గడువు 2012లో ముగిస్తే, మళ్లీ ఎన్నికలు 2021 మార్చిలో జరిగాయి. మధ్యలో తొమ్మిదేళ్లు అధికారుల పాలన. కాలవ పొంగితే తలుపు తట్టడానికి కార్పొరేటరే లేడు. ఆ ఎన్నికలు జరపనిది మాత్రం పార్టీల ప్రభుత్వాలే! 2021లో 98 వార్డుల్లో 58 వైఎస్సార్‌సీపీ గెలిచింది. 2025 ఏప్రిల్‌లో ఆ పార్టీ మేయరు మీద అవిశ్వాసం పెడితే, కార్పొరేటర్లూ, పదవి రీత్యా ఓటున్న ఎక్స్ అఫీషియో సభ్యులూ కలిసి 74 ఓట్లతో నెగ్గించారు. మేయర్ని మార్చాలా అని వార్డు ఓటరుని అడిగినవాళ్లు లేరు.