ల్యాప్‌టాప్ బ్యాటరీ: డీప్ ఫ్రిజ్‌లో పెడితే బతుకుతుందా?

(ల్యాప్‌టాప్ రిపేర్ బెంచీ మీద కూర్చునే మన కాలమిస్టు పాఠకుల ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు.)

ప్రశ్న: నేను రిటైర్డ్ లెక్కల టీచర్ని. ల్యాప్‌టాప్ కొని నాలుగేళ్లయింది. ఛార్జింగ్ 30 శాతం చూపిస్తుండగానే టక్కున ఆరిపోతోంది. బ్యాటరీని కవర్లో చుట్టి ఒక రాత్రి డీప్ ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందని మా మేనల్లుడు అంటున్నాడు. పెట్టమంటారా? – ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: వద్దు మాస్టారూ. అది నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటి చిట్కా. సోనీ కంపెనీ 1991లో లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చింది. ఆ తర్వాత ల్యాప్‌టాప్‌లన్నీ మెల్లగా దానికే మారాయి, చిట్కా మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. ఫ్రిజ్‌లోంచి బయటికి తీయగానే చెమ్మ పడుతుంది. అది లోపలి సర్క్యూట్‌కి తగిలితే ఉన్న ప్రాణం కూడా పోతుంది.

ముందు లెక్క చూడండి, మీకు ఇష్టమైన పనే కదా. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైప్ చేసే నల్ల కిటికీ) తెరిచి, ఇంగ్లిష్ అక్షరాల్లో పవర్‌సీఎఫ్‌జీ అని కలిపి కొట్టి, ఒక స్పేస్, ఒక స్లాష్, బ్యాటరీరిపోర్ట్ అని కొట్టి (powercfg /batteryreport) ఎంటర్ నొక్కండి. రిపోర్టు ఎక్కడ సేవ్ అయిందో ఆ కిటికీలోనే చూపిస్తుంది, దాన్ని తెరవండి. అందులో డిజైన్ కెపాసిటీ (కొత్తలో పట్టాల్సిన ఛార్జ్), ఫుల్ ఛార్జ్ కెపాసిటీ (ఇప్పుడు పడుతున్న ఛార్జ్) అని రెండు అంకెలుంటాయి. మొదటిది 41,000, రెండోది 24,600 అనుకోండి, మిగిలింది 60 శాతం. ఆ పోయిన 40 ఇక రాదు. ఛార్జ్ మోయాల్సిన లిథియంలో కొంత లోపలి పొరల్లో ఇరుక్కుపోయింది. దాన్ని బయటికి లాగే సాఫ్ట్‌వేరూ లేదు, ఫ్రిజ్జూ లేదు.

అయితే 30 దగ్గర ఆరిపోవడం వేరే సంగతి. శాతం లెక్కగట్టే చిప్ లెక్క తప్పి ఉండొచ్చు. ఒకసారి 100 దాకా ఛార్జ్ చేసి, రెండు గంటలు అలాగే ప్లగ్‌లో ఉంచండి. తర్వాత ప్లగ్ తీసి, దానంతటది ఆగేదాకా వాడండి. రెండు మూడు గంటలు వదిలేసి, మధ్యలో ఆపకుండా 100 దాకా ఎక్కించండి. చిప్‌దే పొరపాటైతే ఇక 5 దాకా నడుస్తుంది. ఇది పదే పదే చేయాల్సిన పని కాదు, ఖాళీ చేసిన ప్రతిసారీ బ్యాటరీకి శ్రమే.

ఆ తర్వాత కూడా 30కే ఆరిపోతే లోపల ఒక సెల్ (బ్యాటరీలో ఉండే చిన్న విడి బ్యాటరీ) నీరసించినట్టు. బ్యాటరీ మీద సుమారు 11 వోల్టులని రాసి ఉంటే అందులో మూడు సెల్స్ వరసగా ఉన్నాయని అర్థం. కాడి కట్టిన ఎద్దుల్లో ఒకటి కూలబడితే బండి ఆగినట్టే, ఒక దాని వోల్టేజీ పడిపోగానే రక్షణ సర్క్యూట్ మొత్తాన్ని కట్ చేస్తుంది. ఆ ఒక్క సెల్ మార్చి ఇస్తామనే వాళ్లున్నారు. నేను చేయను. పాత వాటి పక్కన కొత్తది ఇమడదు, పైగా సెల్స్ ఊడదీయగానే లాక్ అయిపోయే చిప్‌లు కొన్ని ఉన్నాయి. కొత్త బ్యాటరీ వేయించుకోండి.

ప్రశ్న: బీటెక్ చదువుతున్నాను అన్నా. హాస్టల్‌లో ల్యాప్‌టాప్ రోజంతా ప్లగ్‌లోనే ఉంటుంది. ఓవర్ ఛార్జ్ అయి పాడవుతుందని ఒకటే టెన్షన్. – ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: ఓవర్ ఛార్జ్ అవదు తమ్ముడూ. నిండగానే సర్క్యూట్ ఛార్జింగ్ ఆపేసి, ల్యాప్‌టాప్‌ని అడాప్టర్ కరెంటు మీద నడుపుతుంది. దెబ్బ తగిలేది నిండుగా ఉండి వేడెక్కినప్పుడు. 40 డిగ్రీల వేడిలో ఏడాది పాటు పూర్తి ఛార్జ్‌తో ఉంచితే కెపాసిటీలో మూడో వంతు పోతుందని, 40 శాతం ఛార్జ్‌తో ఉంచితే పోయేది సుమారు 15 శాతమేనని బ్యాటరీ రంగంలో అందరూ వాడే లెక్క. మన మేలో ఫ్యాన్ కింద కూడా గది 40 దాటుతుంది, ఆ పైన నువ్వు గేమ్ ఆడుతుంటావు.

కాబట్టి ఛార్జింగ్‌ని 80 దగ్గర ఆపే సెట్టింగ్ పెట్టుకో. లెనోవోలో వాంటేజ్ యాప్‌లో కన్జర్వేషన్ మోడ్ అని ఉంటుంది, ఆసుస్‌లో మైఆసుస్‌లో దొరుకుతుంది. హెచ్‌పీ, డెల్ మోడళ్లలో చాలావాటికి బయోస్‌లోనే (ల్యాప్‌టాప్ ఆన్ అవుతుండగా తెరిచే మూల సెట్టింగ్స్‌లో) ఉంటుంది. ప్రయాణం ముందు రోజు మాత్రం 100 చేసుకో. పరుపు మీద పెట్టి వాడకు, కింద గాలి లోపలికి పోయే రంధ్రాలు దుప్పటితో మూసుకుపోతాయి. సెలవులకు ఇంటికి వెళ్తూ ల్యాప్‌టాప్ హాస్టల్‌లో వదిలేస్తే సగం ఛార్జ్‌తో పూర్తిగా ఆఫ్ చేసి వెళ్లు. సున్నాతో నెలల తరబడి వదిలేసిన బ్యాటరీలు నా బెంచీ మీదకి చాలా వస్తాయి. వాటిని బలవంతంగా ఛార్జ్ చేసి లేపడం ప్రమాదం, లోపల షార్ట్ అయ్యే అవకాశం ఉంటుంది.

ప్రశ్న: మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో టచ్‌ప్యాడ్ నొక్కితే దిగడం లేదు. కింద మూత కొంచెం పైకి లేచింది. ఛార్జింగ్ మాత్రం బాగానే ఉంది. రెండు నెలలు ఆగొచ్చా? – ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: రెండు రోజులు కూడా వద్దమ్మా. బ్యాటరీ ఉబ్బింది. లోపలి ద్రవం విరిగి గ్యాస్ పుట్టి, ఉబ్బిన బ్యాటరీ సంచీ టచ్‌ప్యాడ్‌ని కింద నుంచి తోస్తోంది. ఇప్పుడే ఆఫ్ చేసి ప్లగ్ తీసేయండి. మూతని అదిమి సరిచేయొద్దు, సూదితో గాలి తీసే ప్రయత్నం అసలే వద్దు, మంటలొస్తాయి. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి బ్యాటరీ తీయించండి, అది లేకుండానే అడాప్టర్ మీద నడిచే మోడళ్లు చాలా ఉన్నాయి. తీసిన దాన్ని చెత్తబుట్టలో వేయకండి. బ్యాటరీ వ్యర్థాలపై 2022లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం వాడేసిన వాటిని సేకరించే బాధ్యత తయారీదారులదే, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడగండి. కొత్తది కొనేముందు పాతదాని మీదున్న పార్ట్ నంబర్‌ని ఫొటో తీయించుకోండి. ల్యాప్‌టాప్ మోడల్ పేరొక్కటే చెబితే చాలదు, ఒకే మోడల్‌కి రెండు సైజుల బ్యాటరీలు వచ్చినవి ఉన్నాయి.