నలభై సారాంశాలు సమీక్ష కావు

ప్రశ్న: నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరంలో రొయ్యల చెరువులు కౌలుకు తీసుకున్న రైతుల అప్పులపై పిహెచ్‌.డి. చేస్తున్నాను. పూర్వ పరిశోధనల సమీక్ష కోసం నలభై వ్యాసాలు చదివి, ఒక్కొక్కదానికి ఒక్కో పేరా రాసి చూపిస్తే, మా గైడు గారు ‘ఇది జాబితా, సమీక్ష కాదు’ అని తిప్పి ఇచ్చారు. ఎక్కడ పొరబడ్డాను?
- ఒక పరిశోధక విద్యార్థిని, కందుకూరు

జవాబు: మాట కటువుగా ఉన్నా మీ గైడు గారు చెప్పింది సబబే. ఫలానా వారు ఇలా అన్నారు, మరొకరు అలా అన్నారు అని పేర్చుకుంటూ పోతే మీరు చదివారన్న సంగతి తెలుస్తుంది గానీ, చదివి ఏం తేల్చుకున్నారో తెలియదు.

ఆ వ్యాసాలను రచయితల వారీగా కాక ప్రశ్నల వారీగా విడదీయండి: పెట్టుబడి ఎవరు పెట్టారు, మేత బాకీ ఎలా తీరింది, పంట పోతే నష్టం ఎవరి నెత్తిన పడింది. పెద్ద కాగితం మీద గళ్లు గీసి, ఒక్కో వ్యాసానికి ఏ ఊరు, ఏ ఏడు, ఏ రొయ్య, ఎంతమందిని అడిగారు, ఏం తేలింది అన్నవి నింపండి. ‘ఏ రొయ్య’ అన్న గడిని వదిలేయకండి. 1990లలోని వ్యాసాలు ఎక్కువగా టైగర్‌ రొయ్య గురించినవి. ఆ దశాబ్దం మధ్యలోనే తెల్లమచ్చ వ్యాధి చెరువులను ఊడ్చేసింది. వనామి అనే మరో రకం రొయ్య సాగుకు మన దేశంలో అనుమతి వచ్చింది 2009లో. కాబట్టి ఆ రెండు కాలాల వ్యాసాలు అప్పుల గురించి వేర్వేరుగా చెబితే, అది పరిశోధకుల మధ్య అభిప్రాయభేదమే కానక్కరలేదు, సాగే మారి ఉండవచ్చు. ఆ మాట వాటిని పక్కపక్కన పెట్టి చూసిన మీరే చెప్పాలి. సమీక్ష మొదలయ్యేది అక్కడే.

మీ ప్రాంతానికి ఇంకో చిక్కు ఉంది. 1970కి ముందు కందుకూరు నెల్లూరు జిల్లాలోను, ఒంగోలు గుంటూరు జిల్లాలోను ఉండేవి. 1970లో ఆ రెండూ చేరి ఏర్పడిన కొత్త జిల్లాకు ప్రకాశం పేరు 1972లో వచ్చింది. 2022లో కందుకూరు మళ్లీ నెల్లూరులో కలిసింది. అందువల్ల కౌలు, అప్పుల పాత చరిత్ర కోసం పిహెచ్‌.డి. సిద్ధాంత గ్రంథాలు దొరికే వెబ్‌సైటు శోధ్‌గంగలో గానీ గ్రంథాలయంలో గానీ వెతికేటప్పుడు జిల్లా పేరుతో ఆగకుండా తాలూకా, ఊరి పేర్లతోనూ వెతకండి. 2022కు ముందూ తరువాతా ఉన్న జిల్లా గణాంకాలను నేరుగా పోల్చకండి.

కౌలురైతుల గురించి ఎవరూ రాయలేదని మాత్రం తొందరపడి రాయవద్దు. ఎక్కడ, ఏ మాటలతో, ఏ తేదీన వెతికారో నోటుపుస్తకంలో రాసిపెట్టుకోండి, వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, అడగవచ్చు.